మాదా, మనదా

తెల్లవారుజామున మూడింటికి
టూవూంబాలో మా పొయ్యి ఒక్కటే మేలుకొని ఉంటుంది.
గట్టు మీది ఊరు, జూలై చలి,
షట్టర్ ముట్టుకుంటే వేళ్ళు అతుక్కుంటాయి.

డెస్మండ్ క్రాట్జ్‌మన్ ముప్పై ఎనిమిదేళ్ళు నడిపాడు దీన్ని.
మోకాళ్ళు అరిగాయి. కూతురికి పిండి దుమ్ము పడదు.
కొంటామని వచ్చినవాళ్ళు గోడలు కొలిచారుగానీ
ఒక్క రొట్టె కూడా రుచి చూడలేదు.
ఆ సాయంత్రం ఏప్రాన్ విప్పుతూ
"మీరే కొనుక్కోరాదూ" అన్నాడు,
మిగిలిన బన్నులు ఇంటికి పట్టుకెళ్ళమన్నంత మామూలుగా.

పదకొండుమందిమి.
తలకు మూడువేల డాలర్లు, మిగతాది అప్పు.
నేను గాజులు అమ్మలేదు, కారు అమ్మాను.
ఇప్పుడు సైకిల్ మీద వస్తాను, ముక్కు చీదుకుంటూ.

గ్రేమ్‌ది ఇరవైరెండేళ్ళ అనుభవం, నాది మూడేళ్ళు.
ఓటు దగ్గర రెండు చేతులదీ ఒకటే బరువు.
ఆయనకది మింగుడుపడటానికి ఏడాది పట్టింది.
నిజం చెప్పాలంటే నాకూ పట్టింది:
మొదటి సమావేశంలో చెయ్యెత్తబోయి
జడ సర్దుకున్నాను.

తెల్లరొట్టె అమ్మకం నెలనెలా పడిపోతోంది.
"లేదు" అని చెప్పి పంపినవన్నీ రాయమని
లియోనీ కౌంటర్ మీద ఒక నోటుబుక్కు పెట్టింది.
గోధుమ మానేయమని డాక్టరు చెప్పినవాళ్ళు,
ఏ డాక్టరూ చెప్పకుండానే మానేసినవాళ్ళు,
ఒక్క నెలలో నూటపద్నాలుగు "లేదు"లు.
ఫ్యాషన్, పోతుంది, అన్నాడు గ్రేమ్.
అది పోయేలోపు మనం పోతాం, అంది లియోనీ.
నేను తిరగేస్తుంటే అది
రాని ఆర్డర్ల పుస్తకంలా కనిపించింది.

ఊరు దాటితే కనుచూపు మేర జొన్న.
ఎర్రటి కంకులు, అంతా పశువుల మేతకే.
మా ఆలూరులో గింజ మాకు, చొప్ప ఎద్దులకు.
బియ్యం కొనగలిగిన రోజున
నాయన జొన్నడబ్బా అటక ఎక్కించాడు,
మళ్ళీ దించలేదు.

"జొన్న" అన్నాను, ఈసారి జడ ముట్టుకోకుండా.
గ్రేమ్ నవ్వాడు.
లియోనీ మొగుడు కోలిన్, ఆరొందల ఎకరాల జొన్న ఆసామి,
ఇంకా గట్టిగా నవ్వాడు.
న్యాండెంగ్ నవ్వలేదు.
దక్షిణ సూడాన్‌లో వాళ్ళ అమ్మమ్మ
రెండు రోజులు పులియబెట్టి పెనం మీద పల్చగా పరిచేదట.
పిండి ఎలా కలపాలని ఎవరో అడిగితే
ఇద్దరం ఒకేసారి అన్నాం: వేడినీళ్ళతో.

ఏడు చేతులు లేచాయి. నాలుగు లేవలేదు.

మొదటి నలభై రొట్టెలు పిచ్చుకగూళ్ళలా రాలాయి.
తరవాతి ముప్పై, ఇటుకలు.
పద్దులో నష్టం రెండొందల పదహారు డాలర్లు.
పదకొండు భాగాలు చేస్తే నా వంతు ఎంతో
నిద్రలో లేపి అడిగినా చెప్తాను.
జీతానికున్నప్పుడు మాడిన రొట్టె యజమానిది.
ఇప్పుడు ఆ మాడు వాసనలో నాకూ వాటా ఉంది.

నాలుగోవారం గ్రేమ్, చెయ్యెత్తనివాడు,
ఎవరికీ చెప్పకుండా రెండింటికే వచ్చి
పులిసిన పిండి కింద అరచెయ్యి పెట్టి
"పాపం, నిలబడలేదిది, అచ్చు కావాలి" అన్నాడు,
జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు.

ఇప్పుడు శనివారాలు తొమ్మిదింటికల్లా ఖాళీ.
కోలిన్ చేనులో ఒక మూల మాకని విడిగా కోస్తాడు,
రేటు మాత్రం తగ్గించడు.
అప్పు ఇంకా నాలుగేళ్ళుంది.
పొయ్యి తలుపు సరిగా పడదు.

నిన్న ఒక పెద్దాయన చిల్లర లెక్కపెడుతూ అడిగాడు,
ఈ బేకరీ ఎవరిదమ్మా అని.
"అవర్స్" అన్నాను.
వాళ్ళ భాషలో అక్కడితో తేలిపోయింది.
ఇంటికొస్తూ సైకిల్ మీద తెలుగులో అనుకుని చూశాను.
మాది అంటే ఆయన కౌంటర్‌కి అవతలే ఉండిపోతాడు.
మనది అంటే లోపలికొస్తాడు,
పొయ్యి తలుపు కాస్త పట్టుకోమన్నా పట్టుకుంటాడు.
ఏ మాట సరైనదో
ఇంకా ఓటుకు పెట్టలేదు.